స్ట్రాంగ్‌ఫర్డ్ జలసంధి: పోటుపాటులను బట్టి పక్షులు

ఉత్తర ఐర్లండ్‌లోని స్ట్రాంగ్‌ఫర్డ్ లాక్ దాదాపు 150 చదరపు కిలోమీటర్ల సముద్రపు పాయ. ఐరిష్ సముద్రం నుంచి ఆ నీరంతా వచ్చిపోయే దారి సుమారు 8 కిలోమీటర్ల పొడవున్న ఇరుకైన జలసంధి ఒక్కటే కావడంతో, అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజుల్లో అక్కడి ప్రవాహం సెకనుకు 4 మీటర్ల దాకా పరుగెత్తుతుంది. టెర్న్ పక్షులు పిల్లలను మేపుకొనే జూన్ నెలలో మేము నాలుగు రోజులు అక్కడ గడిపాము.

మొదటి రెండు రాత్రులు జలసంధి ఒడ్డునున్న పోర్టఫెర్రీ ఊరిలో లోపలి వీధిన దిగాము. గది విశాలమే కాని నీరు కనిపించదు. ముందుగా మాట్లాడుకొన్న పడవ విహారం కూడా నిరాశపరిచింది. నడిపినవారు మర్యాదస్తులే అయినా, బయలుదేరే వేళను గడియారాన్ని బట్టి పెట్టారు తప్ప ప్రవాహాన్ని బట్టి కాదు. నీరు నిలిచిపోయిన ఆ గంటలో దూరాన రాళ్లమీద రెక్కలారబెట్టుకొంటున్న నీటికాకులు తప్ప వేటాడే పక్షి ఒక్కటీ కనబడలేదు.

నా లెక్కలోనూ తప్పుంది. ఒడ్డున పోటు నిండగానే ప్రవాహం ఆగుతుందనుకొన్నాను. బయటి సముద్రం తగ్గడం మొదలైనా, లోపలి మట్టం ఇంకా తక్కువగా ఉన్నంతసేపూ నీరు లోనికి తోసుకు వస్తూనే ఉంటుంది.

మూడోనాడు జలసంధికి ఎదురుగా చిన్న గదికి మారాము. ఇరుకుగా ఉన్నా మళ్లీ వెళితే అదే తీసుకొంటాను. పాటు బలంగా లాగుతున్నప్పుడు, అడుగునుంచి బోర్లించిన పళ్లెంలా నునుపైన ఉబ్బు ఒకటి పైకి లేచి, అంచులు సుడి తిరుగుతూ సాగిపోయేది. టెర్న్ దానిపైన గాలిలో ఒకే చోట రెక్కలాడించి, నిలువునా దూకి, ముక్కుకు అడ్డంగా వెండి పుల్లలాంటి చేపతో లేచేది. మీటరు లోతుకు మించి మునగలేని ఆ పక్షికి చేపను పైకి తెచ్చిపెట్టేది ఆ అల్లకల్లోలమే. 2008లో ఇక్కడ నిలిపిన ప్రవాహ విద్యుత్ టర్బైన్ స్తంభం వెనుక రేగే సుడులలోనూ టెర్న్‌లు గుమిగూడేవి. దానిని 2019లో పూర్తిగా తొలగించారు.

పక్షుల కోసమే వెళ్లేవారికి పడవ విహారంకన్నా పోర్టఫెర్రీ, స్ట్రాంగ్‌ఫర్డ్ ఊళ్ల మధ్య అరగంటకొకసారి తిరిగే ఫెర్రీయే మేలని నా అభిప్రాయం. దాటడానికి పది నిమిషాలు పట్టదు, కాని ఉధృతమైన నీటిని అడ్డంగా కోసుకొంటూ పోతుంది. ప్రవాహం పుంజుకొన్న వేళ చూసుకొని ఎన్నిసార్లయినా ఎక్కవచ్చు. మరునాడు అదే వేళ సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది కనుక, మేము నాలుగోనాటి భోజన సమయాన్నీ ఆ మేరకు జరుపుకొన్నాము.