రోడ్డు ప్రమాద పరిహారం కేసులకు గుంటూరు న్యాయవాద కార్యాలయం: లెక్క దిట్టం, ఫీజు దగ్గర పేచీ

మా బావమరిది వడ్రంగి. లారీ ఢీకొని అతని కుడి మోచేయి విరిగిన తరువాత, మోటారు వాహన ప్రమాదాల ట్రిబ్యునల్‌లో పరిహారం పిటిషన్ నడిపించినది గుంటూరులోని ఒక న్యాయవాద కార్యాలయం. వకాలత్ మీద సంతకం చేసిన నాటి నుంచి సొమ్ము బ్యాంకు ఖాతాలో పడే వరకు వారి పనిని దగ్గరగా చూసినవాడిని కనుక, అటువంటి అవసరం పడినవారి కోసం ఈ సమీక్ష రాస్తున్నాను.

"మొత్తం ఎంత వస్తుంది?" అని అడిగితే అంకె చెప్పి పంపేయకుండా, పద్దులు విడదీసి కాగితం మీద రాసి ఇవ్వడం ఈ కార్యాలయంలో నాకు బాగా నచ్చిన విషయం. గాయపడినవారికి ఏయే పద్దుల కింద పరిహారం కట్టాలో సుప్రీంకోర్టు 2010లో రాజ్‌కుమార్, అజయ్‌కుమార్ కేసు తీర్పులో వివరించింది. వైద్యం, మందులు, రాకపోకలు, పోషకాహారం, మంచాన ఉన్న నెలల్లో పోయిన ఆదాయం, శాశ్వత వైకల్యం వల్ల ఇకముందు తగ్గే సంపాదన, మున్ముందు చేయించుకోవలసిన చికిత్స అన్నవి డబ్బు రూపంలో లెక్కించగల నష్టాలు. నొప్పి, మనోవేదన, జీవితంలో కోల్పోయిన సుఖాలు రెండో కోవకు చెందుతాయి. మందుల బిల్లులు ఉంటే చాలుననుకుని వెళ్లిన మాకు, అసలు బరువంతా భవిష్యత్తు సంపాదన అనే ఒక్క పద్దు మీద ఉన్నదని అక్కడే అర్థమైంది.

ఆ పద్దు ఎలా మారుతుందో చూడండి. అతని వయసు 34 సంవత్సరాలు కాబట్టి, 2009 నాటి సరళా వర్మ తీర్పులోని పట్టిక ప్రకారం గుణకం, అంటే ఏడాది ఆదాయాన్ని హెచ్చవేయవలసిన అంకె, 16. నెలకు 15,000 రూపాయల చొప్పున ఏడాది ఆదాయం 1,80,000. నలభై ఏళ్లలోపు స్వయం ఉపాధి గలవారికి ఆదాయంలో భవిష్యత్ పెరుగుదల కింద 40 శాతం కలపాలని 2017లో ప్రణయ్ సేఠీ తీర్పు చెప్పిన మీదట అది 2,52,000 అవుతుంది. మరణించినవారి కేసులో సొంత ఖర్చుల కింద కొంత తీసివేస్తారు గాని, గాయపడి బతికి ఉన్నవారి విషయంలో ఆ కోత ఉండదు. దీనిని 16తో హెచ్చవేస్తే 40,32,000. ఇక మిగిలిన ప్రశ్న ఒక్కటే: సంపాదన శక్తి ఎంత శాతం పోయింది? మెడికల్ బోర్డు చేతి వైకల్యాన్ని 30 శాతంగా రాసింది. అది చేతికి మాత్రమేనని, మొత్తం శరీరానికి 15 శాతమే అవుతుందని, పెరుగుదల కలపనే కూడదని బీమా కంపెనీ న్యాయవాది వాదించారు; ఆ లెక్కన వచ్చేది 4,32,000. వడ్రంగికి కుడిచేయి మడతపడకపోతే పనిలో పోయేది 40 శాతమని మా న్యాయవాది వాదించారు, అప్పుడు 16,12,800. గాయం ఒకటే, సర్టిఫికెట్ ఒకటే, తేడా మాత్రం దాదాపు నాలుగింతలు.

ఈ తేడాను వాదనతో కాక సాక్ష్యంతో పూడ్చడంలోనే వీరి నైపుణ్యం కనిపించింది. సర్టిఫికెట్‌ను దాఖలు చేసి ఊరుకోకుండా, శస్త్రచికిత్స చేసిన ఎముకల వైద్యుణ్ణి సాక్షిగా పిలిపించి, రంపం లాగడానికి, చిత్రిక పట్టడానికి మోచేయి ఎంత వంగాలో ఆయన చేతనే చెప్పించారు. ఆదాయపు రుజువు లేదన్న అభ్యంతరానికి, అతనికి పనులిచ్చే మేస్త్రీని బోనెక్కించారు. ఎడమచేయి పోయిన డ్రైవరుకూ, అదే చేయి పోయిన ప్రభుత్వ గుమాస్తాకూ సంపాదన నష్టం ఒకటి కాదని రాజ్‌కుమార్ తీర్పులోనే ఉన్నా, దానిని ఉటంకించి కూర్చుంటే ట్రిబ్యునల్ 35 శాతం వరకు వచ్చేది కాదని నా నమ్మకం. ఆ ఒక్క పద్దు కింద 14,11,200 మంజూరైంది. మిగతా పద్దులు, పిటిషన్ తేదీ నుంచి వడ్డీ అదనం.

పిటిషన్ వేయడంలోనూ జాగు చేయలేదు. 2022 ఏప్రిల్ 1 నుంచి మోటారు వాహనాల చట్టంలో ఆరు నెలల గడువు చేరింది గనుక ఎఫ్‌ఐఆర్, వూండ్ సర్టిఫికెట్ (గాయాల ధ్రువపత్రం), వాహన ఇన్‌స్పెక్టర్ నివేదిక, లారీ బీమా పాలసీ నకలు వెంటనే తెప్పించారు. తప్పు ఎవరిదో రుజువు చేయనక్కరలేకుండా తీవ్రగాయానికి రెండున్నర లక్షలు ఇచ్చే 164వ సెక్షన్ ఉన్నదనీ, ఆ సొమ్ము పుచ్చుకుంటే ట్రిబ్యునల్ పిటిషన్ రద్దవుతుందనీ కూడా ముందే చెప్పారు.

ఫీజు విషయానికి వస్తే ఇంత మెచ్చుకోలేను. వచ్చినదానిలో పదిహేను శాతం అని మొదట నోటిమాటగా అడిగారు. ఫలితం మీద ఆధారపడిన ఫీజును, వాటాను బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాలు నిషేధిస్తున్నాయి. తెలంగాణ నుంచి వెళ్లిన ఒక ప్రమాద పరిహారం కేసులోనే 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు దీనిని మళ్లీ స్పష్టం చేసింది. ఆ మాట ఎత్తాక దశలవారీ నిర్ణీత ఫీజుకు ఒప్పుకున్నారు గాని, ప్రతిసారీ రసీదు అడిగి పుచ్చుకోవలసి వచ్చింది. అడగని కక్షిదారుల సంగతి ఏమిటో ఊహించుకోవచ్చు.

లోక్ అదాలత్ ముందు రోజు సాయంత్రం జూనియర్ ఒకరు ఫోన్ చేసి, బీమా కంపెనీ ఎనిమిది లక్షలు ఇస్తానన్నదని, రేపే తేల్చాలని తొందరపెట్టారు. అక్కడ రాజీపడితే ఆ అవార్డు (తీర్పు) మీద అప్పీలు ఉండదన్న సంగతి నేను అడిగే వరకు చెప్పలేదు. ఆసుపత్రి అప్పు మీద నెలనెలా వడ్డీ కట్టేవారికి రాజీ మంచిదే కావచ్చు, అందులో తప్పు లేదు. అయితే పద్దుల కాగితం పక్కన పెట్టి పోల్చి చూపించే ఓపిక మొదటి రోజున ఉన్నవారికి ఆ సాయంత్రం లేకపోయింది. మేము ఒప్పుకోలేదు, వారూ బలవంతం చేయలేదు.

తీర్పు వచ్చాక వారి ఉత్సాహం తగ్గింది. ట్రిబ్యునల్ కొంత సొమ్మును ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంచమని ఆదేశించగా, మిగిలినది విడిపించే దరఖాస్తు కోసం పలుమార్లు గుర్తుచేయవలసి వచ్చింది.

చేతివృత్తి మీద బతికేవారికి శాశ్వత వైకల్యం మిగిలిన కేసయితే, ఫీజును కాగితం మీద రాయించుకుని ఈ తరహా కార్యాలయానికి వెళ్లమనే చెబుతాను. ఎముక అతుక్కుని పనికి ఇబ్బంది లేనివారికి ఇంత ఖర్చు అనవసరం. మహిళలకు, ఎస్సీ, ఎస్టీ వర్గాలవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది, 15100 నంబరుకు ఫోన్ చేస్తే వివరాలు చెబుతారు.