నంది కొండ దిగువ కాటేజీ: పరుగు, సైకిలు సాధనకు అనువైన బస

మే డేతో కలిసివచ్చిన మూడు రోజుల సెలవులో, బెంగళూరుకు సుమారు 60 కిలోమీటర్ల దూరంలోని నంది కొండ దిగువన ఒక కాటేజీలో, పరుగు, సైకిలు సాధన కోసమే మేము నలుగురం బస చేశాము. సైకిళ్లను భద్రపరచుకోవడానికి తాళం వేసుకోగల గదినీ, గాలి పంపునూ అడగకుండానే సమకూర్చడం నాకు అన్నిటికంటే నచ్చింది. 1,478 మీటర్ల ఎత్తున్న శిఖరానికి వెళ్లే ఘాట్ రోడ్డు మలుపు మలుపుకూ నిటారవుతుంది కనుక, మొదటి కిలోమీటరులోనే బలమంతా వెచ్చించకుండా చిన్న గేరులో నిదానంగా తొక్కినవారే చివరిదాకా ఆగకుండా ఎక్కగలరు. దిగేటప్పుడు మాత్రం బ్రేకులను పట్టి ఉంచకుండా, మలుపుకు ముందే వేగం తగ్గించుకోవాలి. రెండవ రోజు తెల్లవారుజామున ద్రాక్షతోటల పక్కగా భోగనందీశ్వరాలయం వరకు పరుగెత్తాము; ఆ ప్రాచీన ఆలయపు కోనేటి మెట్ల వద్ద దొరికిన చల్లదనాన్ని మరువలేను.

లోపం ఒక్కటే. ఎనిమిదిన్నరకు గాని అల్పాహారం పెట్టరు. వేసవిలో ఐదింటికే బయలుదేరేవారికి ముందురాత్రే అరటిపండ్లు, ఉడికించిన గుడ్లు ఇచ్చే ఏర్పాటు తప్పక ఉండాలి. మధ్యాహ్నం వడ్డించిన రాగిముద్ద, ఆకుకూర పులుసు మాత్రం అలసటను పూర్తిగా తీర్చాయి.