వెనక వచ్చే బండిని ముందే చెప్పే సైకిల్ రాడార్ లైటు: కొనొచ్చా?

బండ్లు వేగంగా పోయే రోడ్ల మీద సైకిల్ తొక్కే అలవాటుంటే కొనండి. ఎప్పుడూ జామ్ అయిపోయే ఇరుకు వీధుల్లోనే మీ ప్రయాణమంతా అయితే మాత్రం వద్దు, ఆ డబ్బుతో మంచి బ్రేకులు, ఒక అద్దం, రెండు మామూలు లైట్లు వచ్చేస్తాయి. ఒక్క ముక్కలో నా అభిప్రాయం ఇది. కానీ నేను చదివిన రివ్యూలు చాలావరకు బ్యాటరీ ఎంతసేపు వస్తుంది, లైటు ఎంత దూరం కనిపిస్తుంది అన్న దగ్గరే ఆగిపోతున్నాయి. సైకిల్ తొక్కేవాళ్లకీ బండి నడిపేవాళ్లకీ మధ్య రోజూ నడిచే ఆ చిరాకులో, ఆ భయంలో ఈ వస్తువు ఏం మారుస్తుందన్నది పట్టించుకోవడం లేదు. నాకు ముఖ్యం అదే, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

చూడ్డానికి ఇది సీటు కింద రాడ్డుకు బిగించే మామూలు వెనక లైటులాగే ఉంటుంది. లోపల చిన్న రాడార్ ఉంటుంది. మనకంటే వేగంగా వెనకనుంచి వస్తున్న బండిని అది పసిగట్టి హ్యాండిల్ మీది బుల్లి తెర మీదో, ఫోన్‌లోనో ఒక చుక్కగా చూపిస్తుంది, బీప్ కొడుతుంది. బండి దగ్గరయ్యేకొద్దీ ఆ చుక్క తెర అంచు వెంబడి పైకి జరుగుతూ వస్తుంది. ఈ ఆలోచన మొదట స్వీడన్‌కు చెందిన ఐకూబు అనే చిన్న కంపెనీది, 2015లో జీపీఎస్ పరికరాలు చేసే గార్మిన్ ఆ కంపెనీని కొనేసి వేరియా పేరుతో అమ్మడం మొదలుపెట్టింది. ఇప్పుడు బ్రైటన్, మజీన్, వాహూ, ట్రెక్ వాళ్లవీ ఉన్నాయి. నేను ఇక్కడ రాసేది ఒక మోడల్ గురించి కాదు, నా సైకిల్‌కు ఏది ఉన్నా ఇవే మాటలు రాసేవాణ్ని, ఎందుకంటే వీటి బలమూ బలహీనతా చాలావరకు రాడార్ పనిచేసే తీరులోనే ఉన్నాయి.

దూరం సంగతి. 2020లో వచ్చిన వేరియా ఆర్‌టీఎల్515 విషయంలో కంపెనీ చెప్పే లెక్క 140 మీటర్లు. మీరు గంటకు 20 కిలోమీటర్ల వేగంతో పోతుంటే, వెనక కారు 60తో వస్తుంటే, మీ ఇద్దరి మధ్య వేగం తేడా 40. అంటే చుక్క కనిపించాక కారు మీ పక్కకు రావడానికి 12 సెకన్లు పైనే పడుతుంది. అదే కారు 100తో వస్తుంటే 6 సెకన్లు. వినడానికి తక్కువే అనిపిస్తుంది గానీ సైకిల్ మీద 6 సెకన్లు చాలా ఎక్కువ. హ్యాండిల్ గట్టిగా పట్టుకోవచ్చు, ముందు గుంత ఉందేమో చూసుకోవచ్చు, తల తిప్పి వెనక్కి ఒకసారి చూడొచ్చు, అడ్డంగా జరగాలన్న ఆలోచన మానుకోవచ్చు. లారీ పక్కనుంచి పోయేటప్పుడు దాని గాలి ముందు మనల్ని బయటికి తోసి, ఆ వెంటనే లోపలికి లాగుతుంది. అది వస్తోందని ముందే తెలిస్తే భుజాలు వదులుగా పెట్టుకుని ఆ తోపుని తట్టుకోవచ్చు. తెలియకపోతే ఒళ్లంతా బిగుసుకుపోతుంది, బిగుసుకున్న చేతుల్లో హ్యాండిల్ వణుకుతుంది.

అసలు గొడవంతా ఇక్కడే మొదలవుతుందని నా నమ్మకం. ఎదురుగాలిలో చెవుల్లో హోరు తప్ప ఇంకేం వినపడదు, ఎలక్ట్రిక్ కార్లయితే దగ్గరికొచ్చేదాకా చప్పుడే ఉండదు. హఠాత్తుగా మోచేతి పక్కన ఒక కారు. సైకిల్ అతను ఉలిక్కిపడి ఒక అడుగు ఇటో అటో ఊగుతాడు. కారు నడిపే మనిషికి కనిపించేది ఆ ఊగడం ఒక్కటే: 'వీడు ఎటు తిరుగుతాడో తెలీదు' అనుకుని గట్టిగా హారన్ కొడతాడు. ఆ హారన్ సైకిల్ అతనికి తిట్టులా వినపడుతుంది, చెయ్యి ఎత్తి అరుస్తాడు. ఇద్దరూ భయపడ్డారు, ఇద్దరికీ ఎదుటివాడు పొగరుబోతులా కనిపించాడు. నేను కారు కూడా నడుపుతాను కాబట్టి స్టీరింగ్ వెనక కూర్చున్నప్పటి టెన్షన్ నాకు తెలుసు. ముందు పోయే సైకిల్ నన్ను చూసిందో లేదో తెలియకపోవడమే ఆ టెన్షన్. రాడార్ లైటు తీసేసేది ఈ మొదటి ఉలికిపాటుని. మిగతా గొడవలో చాలా భాగం దాంతోపాటే పోతుంది.

ఇది ఎక్కడ బాగా పనికొస్తుందంటే, రోడ్డు అంచు బాగోనప్పుడు. అంచున ఇసుక పేరుకుని ఉంటుంది, ఒక లెవెల్ తక్కువగా దిగిపోయిన మ్యాన్‌హోల్ మూత ఉంటుంది, సన్న టైరు దానిలో పడితే మనిషి ఎగిరి ముందుకు పడతాడు. దాన్ని తప్పించుకోవాలంటే రోడ్డు మధ్యవైపు ఒక మీటరు జరగాల్సిందే. ఇంతకుముందు అలా జరిగేటప్పుడు వెనక్కి చూడాలి, చూస్తే సైకిల్ తిన్నగా పోదు, చూడకపోతే ప్రాణం మీదికొస్తుంది. ఇప్పుడు తెర మీద రెండు చుక్కలు కనిపిస్తాయి, ఒకటి దగ్గర, రెండోది బాగా వెనక. మొదటి కారుని పోనిస్తాను, నేను తొక్కడం కాస్త తగ్గిస్తాను, అది దాటాక తల తిప్పి రెండోదాన్ని కళ్లారా చూసి, చెయ్యి చాపి, నిదానంగా జరుగుతాను. రెండో కారు అతనికి నేను ఏం చేయబోతున్నానో అంత దూరంనుంచే అర్థమవుతుంది, బ్రేకు మీద మెల్లగా కాలు వేస్తాడు, హారన్ అవసరమే రాదు. ఒక కారు పోయింది కదా అని ఊపిరి పీల్చుకుని పక్కకు జరిగే క్షణంలో దాని వెనకే వచ్చే రెండో కారు తగలడం అన్నది సైకిల్ తొక్కేవాళ్లందరి పీడకల. ఆ రెండో చుక్కకోసమే ఈ వస్తువు కొన్నా నష్టం లేదంటాను.

కారు వాళ్లకు ఇక్కడ ఒక మాట. సైకిల్ అంచుకు అతుక్కుని పోకుండా కొంచెం లోపలికి వచ్చి పోతోందంటే అది మీ దారి ఆపాలన్న పంతం కాదు. అంచున గుంతలుంటాయి, ఆగివున్న కారు తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో తెలియదు. ఆ తలుపు సంగతి ముందు వైపుది, ఏ రాడారూ దాన్ని చెప్పలేదు. దానికి మందు కారులో ఉన్నవాళ్ల చేతిలోనే ఉంది: తలుపు పక్క చేత్తో కాకుండా రెండో చేత్తో తలుపు తీస్తే ఒళ్లు దానంతటదే వెనక్కి తిరుగుతుంది, వచ్చే సైకిల్ కనిపిస్తుంది. దీన్ని డచ్ రీచ్ అంటారు, బ్రిటన్‌లో రోడ్డు నియమాల పుస్తకమైన హైవే కోడ్‌లో 2022లో ఈ సలహా చేర్చారు కూడా.

ఇక లోపాలు. రాడార్ చూసేది వేగంలో తేడాని. వెనక కారు మీ వేగానికే తగ్గి మీ వెనకే నెమ్మదిగా వస్తుంటే తేడా లేదు కాబట్టి అది తెర మీదనుంచి మాయమైపోవచ్చు. ఓపిగ్గా ఆగి, అవకాశం కోసం చూస్తున్న మంచి డ్రైవరే మీకు కనిపించకుండా పోతాడన్నమాట. అందుకే తెర ఖాళీగా ఉంది కదా అని తల తిప్పకుండా పక్కకు జరగడం చాలా ప్రమాదం, కొత్తగా కొన్నవాళ్లకు ఇది ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. మలుపు అవతల, గుట్ట అవతల ఉన్న బండిని అది చూడలేదు. రద్దీలో అయితే ఆపకుండా మోగుతూనే ఉంటుంది, కాసేపటికి చెవి దాన్ని లెక్కచేయడం మానేస్తుంది, అప్పుడు అది ఉన్నా లేనట్టే. వెనకనుంచి వేగంగా వచ్చే సైకిళ్లను కూడా ఒక్కోసారి బండిగానే చూపిస్తుంది, అది నాకు ఇబ్బందిగా అనిపించలేదు.

బిగించేటప్పుడు ఒకటి చూసుకోవాలి. సీటు కింద సంచీ, పొడుగు జాకెట్ అంచు, వెనక క్యారియర్ మీది సామాను, ఏది అడ్డొచ్చినా రాడార్ గుడ్డిదవుతుంది. నేల వైపుకో ఆకాశం వైపుకో వాలకుండా నిటారుగా ఉండాలి. బ్యాటరీ, పైన చెప్పిన మోడల్‌కు, పగటి ఫ్లాష్‌లో 16 గంటలు, ఆగకుండా వెలిగే మోడ్‌లో 6 గంటలు అని కంపెనీ లెక్క. రాత్రి పొడుగు ప్రయాణాలుంటే ఈ 6 గంటలు గుర్తుపెట్టుకోండి. చెవులు సరిగ్గా వినపడనివాళ్లకు తెర మీది చుక్క చాలా పెద్ద సాయం, నన్నడిగితే ఇలాంటివాళ్లకు ఇదే మొదట సిఫారసు చేస్తాను.

లైటు గురించి రివ్యూల్లో ఎవరూ రాయని విషయం ఇంకొకటి. పగలు కొట్టే ఫ్లాష్ రాత్రిపూట వెనక వచ్చేవాళ్ల కళ్లల్లో పొడుస్తుంది. అసలే చిరాకులో ఉన్న డ్రైవర్‌కి అది ఇంకా మండుతుంది, పైగా ఫ్లాష్ అయ్యే లైటు ఎంత దూరంలో ఉందో చీకట్లో అంచనా వేయడం కష్టం. జర్మనీలో సైకిల్ లైటు ఫ్లాష్ అవడానికి చట్టం ఒప్పుకోదు, అందుకే ఆ దేశానికి వేరియాలో ఆర్‌టీఎల్516 అని ఫ్లాష్ లేని మోడల్ విడిగా ఉంది. మీ దేశంలో చట్టం ఏమన్నా సరే, చీకటి పడ్డాక ఆగకుండా వెలిగే మోడ్‌కు మార్చేయండి. మనల్ని చూసి జాగ్రత్తపడమని అడుగుతూ వాళ్ల కళ్లు చెదరగొట్టడం న్యాయం కాదు.

అన్నిటికంటే పెద్ద లోపం ఇప్పుడు చెబుతాను, ఇది ఏ ఒక్క కంపెనీ తప్పూ కాదు. బండి వస్తోందని చెబుతుంది, ఎంత దగ్గరగా పోతుందో చెప్పదు, దాన్ని దూరం జరపలేదు. జర్మనీ 2020లో ఊళ్లో 1.5 మీటర్లు, ఊరి బయట 2 మీటర్లు వదిలి ఓవర్‌టేక్ చేయాలని నిబంధనల్లో రాసింది. బ్రిటన్ హైవే కోడ్ 2022లో గంటకు 30 మైళ్ల వేగం వరకు కనీసం 1.5 మీటర్లు, వేగం పెరిగితే ఇంకా ఎక్కువ అని చెప్పింది. రాయడం వరకు బాగానే ఉంది. 2018లో బెర్లిన్‌లో టాగెస్‌స్పీగల్ పత్రిక 100 మంది సైకిళ్లకు సెన్సార్లు కట్టి కొలిపిస్తే సగానికి పైగా ఓవర్‌టేకులు 1.5 మీటర్ల కంటే దగ్గరగా జరిగాయని తేలింది.

మరి మనం ఏం వేసుకుంటే, ఏం బిగించుకుంటే వాళ్లు దూరంగా పోతారు? బ్రిటన్ పరిశోధకుడు ఇయన్ వాకర్ తన సైకిల్‌కే సెన్సార్ కట్టుకుని దీన్ని కొలిచాడు. 2007లో అచ్చయిన ఫలితాల్లో హెల్మెట్ పెట్టుకున్నప్పుడు కార్లు సగటున 8.5 సెంటీమీటర్లు ఇంకా దగ్గరగా పోయాయి. ఆ తేడాకు అర్థం ఉందా లేదా అని తర్వాత చాలా వాదనలు జరిగాయి, హెల్మెట్ మానేయమని ఎవరూ దాన్ని చదవకూడదు. నాకు ఎక్కువ గుర్తుండిపోయింది 2014 నాటి రెండో అధ్యయనం. రకరకాల దుస్తులు వేసుకుని చూస్తే దాదాపు దేంతోనూ తేడా రాలేదు, పోలీసు అన్న మాట, వీడియో తీస్తున్నాం అన్న హెచ్చరిక ఉన్న చొక్కాకు మాత్రం సగటున 5 సెంటీమీటర్లు ఎక్కువ వదిలారు. ఐదే. అది చదివాక 'లైటు పెట్టుకోవచ్చు కదా, మెరిసే చొక్కా వేసుకోవచ్చు కదా' అన్న మాట వింటే నాకు కోపం వస్తుంది. చీకట్లో లైటు లేకుండా, ఎదురు దిశలో, సిగ్నల్ దూకి వచ్చే సైకిల్ వాళ్ల మీద డ్రైవర్లకు కోపం రావడం న్యాయమే, అలాంటివాళ్లని నేనూ ఆపి చెబుతాను. కానీ అన్నీ పెట్టుకుని తిన్నగా పోయే మనిషి పక్కనుంచి అద్దం రాసుకుంటూ పోయే కారుకి ఆ చొక్కా రంగుతో సంబంధం లేదు, పక్కన ఎంత జాగా వదలాలన్నది స్టీరింగ్ పట్టుకున్నవాళ్ల నిర్ణయం.

కెమెరా కూడా ఉన్న మోడళ్లు ఉన్నాయి, 2022లో వచ్చిన వేరియా ఆర్‌సీటీ715 అలాంటిది. బ్రిటన్‌లో పోలీసులు ఇలాంటి వీడియోలను ఆన్‌లైన్‌లో తీసుకుని చర్య తీసుకుంటారు. మీరున్న చోట అలా తీసుకునే వ్యవస్థ ఉంటే కెమెరాకు అదనంగా పెట్టొచ్చు. లేకపోతే రాడార్ ఒక్కటీ చాలు, బరువూ తక్కువ, చార్జింగ్ గోలా తక్కువ.

ధర మామూలు వెనక లైటుకు ఎన్నో రెట్లు, అది నిజం. ఇంటినుంచి పనికి వెళ్లే దారిలో ఒక్క వేగమైన రోడ్డు ముక్క ఉన్నా, అక్కడ మీకు గుండె దడదడలాడుతున్నా, ఆ డబ్బు దండగ కాదంటాను. అద్దం ఉన్నవాళ్లు అద్దం తీసేయకండి, రాడార్‌కు కనిపించకుండా మీ వెనకే నెమ్మదిగా వచ్చే ఆ కారు కనిపించేది అద్దంలోనే.

కంపెనీలను నేను అడిగేది ఒక్కటే: పక్కకు చూసే సెన్సార్ కూడా పెట్టండి. జర్మనీలో ఓపెన్‌బైక్‌సెన్సార్ అని సైకిల్ తొక్కేవాళ్లే చేత్తో తయారుచేసుకునే పరికరం ఉంది, ప్రతి కారూ ఎంత దూరంలో దాటిందో, ఏ చోట దాటిందో రాసిపెడుతుంది. ఉచితంగా పనిచేసేవాళ్లు చేయగలిగింది ఇంత పెద్ద కంపెనీలకు కష్టమేం కాదు. ఏ రోడ్డు ముక్క మీద బండ్లు రోజూ సైకిళ్లను రాసుకుంటూ పోతున్నాయో ఆ లెక్కలు రోడ్లు వేసే ఇంజనీర్ల చేతికి వెళితే ఎక్కడ సైకిల్‌కు వేరే దారి కావాలో వాళ్లకు వెతుక్కోవాల్సిన పని ఉండదు. రాడారూ, ఆ పక్క సెన్సారూ ఒకే డబ్బాలో వచ్చిన రోజున ఇప్పుడున్నది అమ్మేసి దాన్ని కొంటాను.