బిందెడు మంచినీళ్లకు మూడు బిందెలు మోరీపాలు: ఆర్‌ఓ యంత్రంతో ఏడాది

మా వంటగది గోడకు తగిలించిన ఆర్‌ఓ, యూవీ నీటిశుద్ధి యంత్రానికి గత నెలతో ఏడాది నిండింది. ఆర్‌ఓ అంటే సన్నని పొర గుండా నీటిని నెట్టి లవణాలను ఆపే పద్ధతి, యూవీ అంటే అతినీలలోహిత కాంతితో క్రిములను చంపే దీపం. హైదరాబాదులో 400 ఫ్లాట్లున్న ఒక గేటెడ్ కమ్యూనిటీలో మేము ఉంటున్నాము. ఇక్కడ ఇటువంటి యంత్రం లేని వంటగది నాకు ఇంతవరకు కనబడలేదు. 18,000 రూపాయలు పెట్టి కొన్న వస్తువు కనుక, కొనబోయేవారికి ఉపయోగపడుతుందని ఈ అనుభవం రాస్తున్నాను. యంత్రం పనిచేయడం లేదన్నది నా ఫిర్యాదు కాదు. చెప్పిన పని అది చక్కగానే చేస్తున్నది. ఆ పనితో మా ఇంటికి అవసరమేమిటన్న ప్రశ్నే నాకు ఆలస్యంగా తట్టింది.

ముందుగా మంచి సంగతులు చెప్పాలి. నీళ్లు తేలికగా ఉంటాయి, టీ మీద తెట్టె కట్టదు, మోటారు చప్పుడు పక్క గదికి వినబడదు, ఫోను చేసిన మర్నాడే సర్వీసు కుర్రాడు వస్తాడు. కందిపప్పు త్వరగా ఉడుకుతుందని అమ్మినవారు చెప్పారు గాని, ఆ తేడా నాకు తెలియలేదు.

అమ్మడానికి వచ్చినతను చేసి చూపిన ప్రయోగం గురించి మాత్రం కొంచెం విపులంగా చెప్పవలసి ఉంది, ఎందుకంటే నేను కొన్నది యంత్రాన్ని చూసి కాదు, ఆ ప్రయోగాన్ని చూసి. రెండు గాజు గ్లాసులు తెచ్చి, ఒకదానిలో మా కుళాయి నీళ్లు, రెండోదానిలో అతని ఆర్‌ఓ నీళ్లు పోసి, లోహపు కడ్డీలున్న చిన్న పరికరాన్ని వాటిలో ముంచి కరెంటు పెట్టాడు. నిమిషంలో కుళాయి నీళ్లు తుప్పు రంగుకు తిరిగి అడుగున మడ్డి చేరింది. ఆర్‌ఓ నీళ్లు ఉన్నట్టే ఉన్నాయి. "చూశారుగా మేడమ్, ఇన్నాళ్లూ మీ పిల్లలు తాగింది ఇదే" అన్నాడు. తల్లిగా ఆ మాటకు ఎవరు మాత్రం నిలబడగలరు? ఆ రంగు నీళ్లలోని మురికి కాదనీ, నీటిలో కరిగిన లవణాల గుండా కరెంటు పారి ఇనుప కడ్డీయే కరిగి తుప్పుగా తేలుతుందనీ, లవణాలు దాదాపు లేని ఆర్‌ఓ నీటిలో కరెంటు అంతగా పారదు గనుకనే అది తేటగా ఉండిపోతుందనీ తరువాత తెలుసుకున్నాను. హైస్కూలు సైన్సు పుస్తకంలో చదివిన పాఠమే. ఆ పూట గుర్తుకు రాలేదు.

ప్రశ్న మొదలైంది మా ఇంట్లో పనిచేసే ఆవిడ వల్ల. సింకు కింద సన్నని గొట్టం నుంచి ఆగకుండా కారే నీళ్లు చూసి, "ఇన్ని నీళ్లు ఊరికే పోతున్నాయేందమ్మా" అని తానే అక్కడ బకెట్టు పెట్టింది. ఆవిడ బస్తీకి ఇవే నీళ్లు దినం విడిచి దినం వస్తాయి. వచ్చిన గంటలో డ్రమ్ములూ బిందెలూ నింపుకోవాలి. ఆ సాయంత్రం నేను కొలిచి చూశాను. లీటరు మంచినీళ్లు దిగేసరికి బకెట్టులో మూడు లీటర్లు చేరాయి. ఇది లోపమేమీ కాదు; పంపు ఒత్తిడితో నీటిని పొర గుండా నెట్టినప్పుడు, పొర ఆపిన లవణాలను ఎప్పటికప్పుడు కడిగి బయటకు తోయడానికి కొంత నీరు పోక తప్పదు, ఇళ్లలో వాడే యంత్రాలలో ఆ వాటా ఇలా భారీగానే ఉంటుంది.

మరునాడు 300 రూపాయలకు ఒక టీడీఎస్ మీటరు, అంటే లీటరు నీటిలో కరిగిన లవణాలు ఎన్ని మిల్లీగ్రాములో చూపేది, తెప్పించాను. మా వంటగదిలో నగరానికి నీరిచ్చే జలమండలి నీటికి ఒక కుళాయి, బోరుకు ఒక కుళాయి ఉన్నాయి. కృష్ణ నుంచి వచ్చినా గోదావరి నుంచి వచ్చినా మొదటిదాన్ని మేమంతా, నగరానికి నీరిచ్చే మరో నది పేరున, మంజీరా నీళ్లనే అంటాము. యంత్రం దానికే బిగించి ఉంది. ఆ నీటి టీడీఎస్ 270, శుద్ధి చేసిన నీటిది 35, బకెట్టులో చేరిన వృథా నీటిది 350. తాగునీటికి భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 10500లో పెట్టిన ఆమోదయోగ్యమైన పరిమితి 500. అంటే లవణాల లెక్కన మేము మోరీలోకి వదులుతున్న నీళ్లు కూడా తాగదగినవే. క్రిముల భయమంటారా, దానికి ఇదే పెట్టెలో యూవీ దీపం ఉంది. అది చుక్క నీరు కూడా పారబోయదు.

మా నలుగురికీ తాగడానికీ వంటకూ రోజుకు 12 లీటర్లు పడతాయి. అందుకోసం 36 లీటర్లు పోతున్నాయి. ఏడాదికి 13,000 లీటర్లు దాటుతుంది. అందరి ఇళ్లలోనూ ఇదే లెక్క అనుకుంటే కమ్యూనిటీ మొత్తం మీద రోజుకు 14,400 లీటర్లు, అనగా 5,000 లీటర్ల ట్యాంకర్లు దాదాపు మూడు. ఎండాకాలంలో మా అసోసియేషన్ డబ్బిచ్చి ట్యాంకర్లు తెప్పిస్తుందన్న సంగతి ఇక్కడ గుర్తు చేసుకోవలసిందే. పైగా ఆ నీరు పక్క చెరువులోది కాదు. కృష్ణా జలాలు నాగార్జునసాగర్ వెనుక నుంచి వంద కిలోమీటర్లకు పైగా, గోదావరి జలాలు ఎల్లంపల్లి నుంచి అంతకంటే ఎక్కువ దూరం పంపులతో ఎత్తిపోస్తే నగరానికి చేరుతున్నాయి.

ఇంకొక వింత ఉంది. నీరు మరీ చప్పగా ఉందంటే సర్వీసు కుర్రాడు ఒక మర తిప్పాడు. పొర దాటని మామూలు నీటిని కొంత పక్కదారిన తెచ్చి శుద్ధి చేసిన దానిలో కలిపే ఏర్పాటట అది. ఖనిజాలన్నీ తీసివేసి, ఆపైన ఖనిజాల కోసం వేరే గొట్టం అమర్చి, దానికీ ఏటా డబ్బు తీసుకుంటారు. ఏడాది తిరగగానే మడ్డి ఫిల్టరు, బొగ్గు ఫిల్టరు, ఖనిజాల గొట్టం మార్చారు. పాతవి సంస్థ తీసుకువెళ్లదా అని అడిగితే, "చెత్తలో వేసేయండి మేడమ్" అన్నాడు. ప్లాస్టిక్కులో బిగించిన మూడు గొట్టాలు బాల్కనీలో ఇంకా అలాగే ఉన్నాయి.

ఈ యంత్రం ఎక్కడా అక్కరలేదని నేను అనడం లేదు. నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడు నీళ్లు తాగి ఎముకలు వంకర తిరిగిన తరాలను చూసినవారెవరూ ఆ మాట అనలేరు. ఉప్పు బోరు తప్ప గతి లేని ఇళ్లకు కూడా ఆర్‌ఓ తగినదే. టీడీఎస్ 500 లోపు ఉన్న చోట దీనిని నిషేధించాలనీ, అనుమతించిన చోట కనీసం 60 శాతం నీరు తాగడానికి దక్కాలనీ జాతీయ హరిత ట్రైబ్యునల్ 2019లోనే కేంద్ర పర్యావరణ శాఖకు చెప్పింది. మా ఇంట అమ్మినతను టీడీఎస్ మీటరు జేబులోంచి తీయనైనా లేదు. కొనేముందు మీరే ఒకటి తెచ్చుకుని కొలవండి. 500 లోపు ఉండి, ఫ్లోరైడు వంటివి లేని నీళ్లయితే యూవీ ఒక్కటే ఉన్న యంత్రం చాలు, ధరా తక్కువే.

మేము ఈసారి నిర్వహణ ఒప్పందం పొడిగించలేదు. యంత్రం మార్చే వరకు వృథా నీటిని బకెట్టులో పట్టి అంట్లకూ గచ్చు తుడవడానికీ వాడుతున్నాము. 36 లీటర్లలో సగం కూడా ఖర్చు కావడం లేదు. పాతదానికి సంస్థవారు 2,000 రూపాయలు తగ్గిస్తామన్నారు, అయితే కొత్తగా కొనేది మళ్లీ ఆర్‌ఓయే అయి ఉండాలట.