ముద్రల చార్టు: బొమ్మలకు నాలుగు స్టార్లు, రాతలకు ఒకటే

విజయవాడలో మా ఇంట్లోనే పిల్లలకు కూచిపూడి నేర్పుతాను. క్లాసు అయ్యేదాకా తల్లులో, తాతయ్యలో వరండాలో కూర్చుని ఫోన్లు చూసుకుంటూ ఉంటారు. వాళ్లకూ కాస్త కాలక్షేపంగా ఉంటుందని ఈ యోగ ముద్రల చార్టు ఆన్‌లైన్‌లో తెప్పించి అక్కడ తగిలించాను. లామినేషన్ చేసిన పెద్ద షీటు, ఇరవై ముద్రలు, 349 రూపాయలు. గొట్టంలో చుట్టి పంపారు కాబట్టి ఎక్కడా మడత పడలేదు.

ఫోటోలు కాకుండా చేత్తో గీసిన బొమ్మలు వేయడం మంచి పని. ఏ వేలి కొన ఎక్కడ తాకుతోందో గీతలో తెలిసినంతగా ఫోటోలో తెలియదు, నీడ అడ్డొస్తుంది. ప్రాణాయామానికి పట్టే నాసికా ముద్రే చూడండి. చూపుడువేలు, మధ్యవేలు అరచేతిలోకి మడిచి, బొటనవేలితో కుడి ముక్కు, ఉంగరపు వేలితో ఎడమ ముక్కు మూయాలి. ఆ బొమ్మ చూశాక ఇంకొకరు చెప్పే పని లేదు. ధ్యాన ముద్ర కూడా చక్కగా కుదిరింది.

పృథ్వీ ముద్ర, సూర్య ముద్ర దగ్గర మాత్రం ఒకే బొమ్మ రెండుసార్లు వేసేశారు. పృథ్వీలో ఉంగరపు వేలి కొన బొటనవేలి కొనను తాకాలి. అదే మా కూచిపూడి చేతి భంగిమల్లో మయూర హస్తం, నుదుట తిలకం దిద్దడం చూపించేటప్పుడు పడతాం. సూర్యలో ఉంగరపు వేలిని మడిచి బొటనవేలి మొదట్లో ఆనించి, దాని మీద బొటనవేలితో నొక్కి పట్టాలి. అచ్చుకు పంపే ముందు ఒక్కరైనా చూసుకోరా?

ఇంకో చిక్కు డాన్స్ తెలిసినవాళ్లకే కనపడుతుందేమో. చూపుడువేలు, బొటనవేలు కొనలు కలిపే చిన్ముద్ర మాకు దాదాపు హంసాస్య హస్తం. స్టేజి మీద వెనక వరుసలో కూర్చున్నవాళ్లకూ తెలియాలి కాబట్టి మిగతా మూడు వేళ్లూ విడదీసి బిగించి పట్టిస్తాం. ధ్యానంలో చూసేవాళ్లెవరు? చెయ్యి మోకాలి మీద వదిలేసి, కొనలు తాకీ తాకనట్టు ఉంచితే చాలు. చార్టులో వేళ్లు బాణాల్లా నిలబడ్డాయి. మా స్టూడెంట్ వాళ్లమ్మ అచ్చం అలాగే పట్టి, "మణికట్టు లాగేస్తోందండీ టీచర్ గారూ" అంది. "వదులుగా పెట్టమ్మా, ఇదేమన్నా అరంగేట్రమా?" అన్నాను. నవ్వేసి చెయ్యి వదిలింది. నొప్పి పోయింది.

ఇక రాతలు. బొటనవేలు అగ్ని, చూపుడువేలు వాయువు, మధ్యవేలు ఆకాశం, ఉంగరపు వేలు పృథ్వి, చిటికెన వేలు జలం అని పైన ఇచ్చారు. సంప్రదాయంగా చెప్పుకునేదే, గుర్తుపెట్టుకోవడానికీ పనికొస్తుంది. కింద మాత్రం ఇవన్నీ హఠయోగ గ్రంథాల్లోవని రాశారు. హఠయోగ ప్రదీపిక మూడో అధ్యాయంలో ఉన్న పది ముద్రలు ఖేచరి, విపరీతకరణి, మూలబంధం లాంటివి. నాలుకతో, నడుముతో, ఊపిరితో చేసేవి తప్ప వేళ్లు కలిపేవి కావు.

అదైనా సర్దుకుపోవచ్చు. ప్రతి బొమ్మ కింద 'ఉపయోగం' అని ఒక జబ్బు పేరు పెట్టారే, నాకు టెన్షన్ అక్కడ మొదలైంది. అపానవాయు ముద్ర పడితే గుండెపోటులో ఇంజెక్షన్ లాగా పనిచేస్తుందట! మా వరండాలో కూర్చునే తాతయ్యల్లో ఒకాయనకు స్టెంట్లు వేశారు. ఆయన కళ్లజోడు సర్దుకుని ఆ లైను చదువుతూ వేళ్లు మడుస్తుంటే నాకు గుండె జారింది. "బాబాయ్ గారూ, ఛాతీలో నొప్పి వస్తే ముందు 108కి ఫోన్ చేయాలి, వేళ్ల సంగతి తర్వాత" అని గట్టిగానే చెప్పాను. కాసేపు కళ్లు మూసుకుని కూర్చుంటే మనసు కుదుటపడుతుందంటే ఒప్పుకుంటాను. షుగరు, థైరాయిడ్, గుండె అంటూ గోడ మీద రాసి అమ్మడం మాత్రం తప్పు.

ఆ సాయంత్రమే 'ఉపయోగం' లైన్లన్నిటి మీదా పిల్లల పుస్తకాలకు అట్టలు వేసే బ్రౌన్ పేపర్ కత్తిరించి అంటించాను. సూర్య ముద్ర బొమ్మ మీద తెల్లకాగితం అతికించి, సరైనది నేనే పెన్నుతో గీశాను. వేళ్లు ఎలా కలపాలో నేర్చుకోవడానికైతే కొనండి, డబ్బు వృథా కాదు. ఇంట్లో గుండెజబ్బు ఉన్నవాళ్లుంటే మాత్రం ఆ లైన్లు కప్పేశాకే గోడకు తగిలించండి. అమ్మినవాళ్లకు మెసేజ్ పెట్టాను, ఇంకా జవాబు లేదు. జబ్బుల పేర్లు తీసేసి, సూర్య ముద్ర సరిచేసి మళ్లీ అచ్చేస్తే లోపల హాలుకు ఇంకోటి కొంటాను.