మదనపల్లె టమాటా క్రేట్లతో పదమూడేళ్లు, నాలుగు ఇళ్లు

మా ఆయనది బ్యాంకు ఉద్యోగం. నాలుగేళ్లు తిరిగేసరికి బదిలీ కాగితం వచ్చేస్తుంది. 2009లో అనంతపురం నుంచి మదనపల్లె, 2012లో నంద్యాల, 2015లో విజయవాడ, 2019లో విశాఖపట్నం, 2024లో హైదరాబాద్. మొదటిసారి సామాను అట్టపెట్టెల్లో సర్దాను. ఆ తర్వాత నాలుగుసార్లూ మదనపల్లెలో కొన్న టమాటా క్రేట్లలోనే, అంటే టమాటాలు మోసే చిల్లుల ప్లాస్టిక్ పెట్టెల్లోనే సర్దాను. ఇల్లు మారుతున్నాం, దేంట్లో సర్దుకోమంటావని చుట్టాలు ఫోన్ చేసినప్పుడల్లా చెప్పే మాటలే ఈసారి కాస్త వివరంగా రాస్తున్నాను.

అట్టపెట్టెలు ఎందుకు వదిలేశానో ముందు చెప్పాలి. 2009లో కిరాణా కొట్టుకెళ్లి సబ్బులవి, బిస్కెట్లవి ఖాళీ పెట్టెలు అడిగి తెచ్చుకున్నాం. మే నెలలో పెట్టిన ఆవకాయ నిండా ఉన్న జాడీ ఒకటి ఉంది, అత్తయ్య పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. మూతికి వాసెన గుడ్డ గట్టిగా కట్టి, చుట్టూ పాత చీరలు కూరి, ఉన్నవాటిలో పెద్ద పెట్టెలో పెట్టాను. కదిరి మీదుగా వచ్చేసరికి ఆ కుదుపులకు నూనె వాసెనలోంచి ఊరి, చీరలకు పట్టి, అక్కణ్ణుంచి అట్టలోకి దిగింది. పైకి చూస్తే పెట్టె బాగానే ఉంది. దించేటప్పుడు హమాలీ దాన్ని రెండు పక్కలా పట్టుకుని మెట్లెక్కుతున్నాడు. మూడో మెట్టు మీద అడుగు అట్ట విడిపోయి జాడీ కింద పడింది. రాతిమెట్ల మీద ఎర్రగా నూనె, ముక్కలు, పింగాణి పెంకులు. అత్తయ్య ఒక్క నిమిషం చూసి, "పోనీలే అమ్మా, ఆ అబ్బాయి కాలి మీద పడలేదు" అన్నారు. మూత మాత్రం పగల్లేదు. అది ఇప్పటికీ మా ఇంట్లో ఉప్పు గిన్నె మీద మూతగా ఉంది. దాన్ని చూసినప్పుడల్లా ఆ మెట్టే గుర్తొస్తుంది నాకు.

మదనపల్లెలో ఉన్న మూడేళ్లూ టమాటా మార్కెట్ దారిలోనే మా పాపను బడికి తీసుకెళ్లేదాన్ని. పొద్దున్నే లారీల్లో క్రేట్లను మనిషి ఎత్తును దాటేలా పేర్చేవాళ్లు. ఒక్కోదాంట్లో పాతిక కిలోల దాకా కాయ. అడుగునున్న క్రేటు మీద ఎంత బరువు పడుతున్నా వంగేది కాదు, అందులో కాయ నలిగేది కాదు. పై క్రేటు బరువంతా కింది క్రేటు గోడలే మోస్తాయి, లోపలి సరుకు మీద పడదు. అట్టపెట్టె సంగతి అలా కాదు, కొద్దిగా చెమ్మ తగిలినా గోడలు కుంగి, బరువు లోపలి వస్తువు మీదకు దిగుతుంది. రోజూ చూసిన ఆ క్రేట్లే 2012లో బదిలీ రాగానే గుర్తొచ్చాయి.

అంగడి వీధిలో ప్లాస్టిక్ సామాను కొట్టులో కొత్తవి ముప్పై కొన్నాం. ఇక్కడొక మాట చెప్పాలి. మండీ పేరు అచ్చేసి ఉన్న క్రేట్లు ఎవరైనా చవగ్గా ఇస్తామన్నా కొనకండి. అవి మండీల సొంతం, రైతులకిచ్చి మళ్లీ వెనక్కి తీసుకునేవి. మేం కొన్నవి పేరు లేనివి, హెచ్‌డీపీఈ ప్లాస్టిక్‌వి. టేపు పెట్టి కొలిస్తే పొడవు 54 సెంటీమీటర్లు, వెడల్పు 36, ఎత్తు 29. ముప్పైకీ కలిపి అయిన ఖర్చు ఆ ఏడాది లారీ బాడుగలో సగం దాకా వచ్చింది. ఒకేసారి అంత పెట్టాలంటే చెయ్యి వెనక్కి లాగింది, నిజమే. నాలుగు ఇళ్లు మారాక లెక్క చూస్తే ఒక్కో మారుకు అట్టపెట్టెలకూ టేపుకూ అయ్యేదానికంటే తక్కువే పడింది.

ముందు బలం సంగతి. 2015లో నంద్యాల నుంచి విజయవాడ వస్తుంటే గిద్దలూరు వైపు నల్లమల ఘాటులో మలుపు మీద మలుపు. లారీ డ్రైవరు బీరువానూ ఫ్రిజ్‌నూ క్యాబిన్ వెనక నిలబెట్టి, వాటి ముందు క్రేట్లను గోడలా పేర్చాడు. పై క్రేటు అడుగు అంచు కింది క్రేటు పై అంచులో కూర్చుంటుంది కాబట్టి వరస పక్కకు జరగదు. విజయవాడలో తాడు విప్పినప్పుడు వరస ఎలా పేర్చింది అలాగే ఉంది. దించిన హమాలీ ఒకతను, "అక్కా, వీటికైతే చెయ్యి దూరుద్ది. అట్టపెట్టెకి పట్టు ఉండదు, గోళ్లతో లాక్కోవాల" అన్నాడు. క్రేటుకు రెండు పక్కలా చేతికందే పట్టు ఉండటం మోసేవాళ్లకు ఎంత సుఖమో అతని మాటతోనే నాకు తెలిసింది.

అయితే పట్టు ఉంది కదా అని పుస్తకాలు నిండా పెట్టకూడదు. నంద్యాలకు మారినప్పుడు నేను చేసిన తప్పు అదే. నిండా పుస్తకాలు పడితే ముప్పై కిలోలు దాటిపోతుంది, ఒక్క మనిషి ఎత్తి మెట్లెక్కలేడు. అలా ఎత్తబోతేనే ఒకదాని పిడి విరిగింది. అప్పట్నుంచి సగం దాకా పుస్తకాలు, పైన తలగడలో స్వెటర్లో పెడుతున్నాను. నేను ఒక్కదాన్నే నడుము దాకా ఎత్తి చూస్తాను. నాకు లేవకపోతే అందులోంచి కొన్ని తీసేస్తాను.

వంటింటికి వీటిని మించింది నాకు కనబడలేదు. పప్పుల డబ్బాలు ఖాళీ చెయ్యనక్కర్లేదు, మూతల చుట్టూ ఒక చుట్టు టేపు వేసి నిలువుగా దించెయ్యడమే. పింగాణి ప్లేట్లు మాత్రం ఒకదాని మీద ఒకటి పేర్చకుండా, పుస్తకాల అరలో పుస్తకాల్లా నిలబెట్టాలి, మధ్యమధ్య పాత కాటన్ గుడ్డ పెట్టాలి. పడుకోబెడితే పై ప్లేట్ల బరువంతా అడుగుదాని మీద పడి, ఒక్క కుదుపుకు పగుళ్లిస్తుంది. బబుల్ కవరు రెండుసార్లు కొన్నాను. నేత చీర, పాత లుంగీ దానికంటే బాగా పనిచేశాయి. మెత్తగా అతుక్కుంటాయి, దిగాక ఉతికి మళ్లీ వాడుకోవచ్చు. ఊరగాయలు ఇప్పుడు ప్లాస్టిక్ సీసాల్లోకి తీసి, మూత కింద పాలిథిన్ ముక్క వేసి బిగిస్తాను. మందం కవరు పరిచిన క్రేటులో వాటిని నిలబెడతాను. నూనె ఊరినా కవర్లోనే ఉంటుంది, అడుగు ఊడిపోతుందన్న భయం లేదు.

ఇక లోపాలు. అన్నిటికంటే పెద్దది నాకు 2019లో తెలిసింది. జూన్ ఆఖరు, విజయవాడ నుంచి విశాఖ వెళ్తుంటే తుని దగ్గర రాత్రి కుండపోత వాన. లారీ టార్పాలిన్ ఒక మూల చిరిగి ఉంది, ఎక్కించేటప్పుడు నేను చూసుకోలేదు. నీళ్లు లారీ అడుగున నిలిచాయి. క్రేటు అడుగంతా జల్లెడ కదా, నీళ్లు ఎలా పోతాయో అలాగే వస్తాయి కూడా. అడుగు వరసలో ఉన్న మా పెళ్లి ఆల్బమ్ తడిసి ఫొటోలు ఒకదానికొకటి అంటుకుపోయాయి. విడదీయబోతే రంగు చిరిగి వచ్చేసింది. మా నాన్న కన్యాదానం చేస్తున్న ఫొటో ఒకటే ఉండేది, అదీ పోయింది. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే గుండె కలుక్కుమంటుంది. అప్పట్నుంచి ప్రతి క్రేటులోనూ అడుగునా పక్కలా మందం పాలిథిన్ వేస్తున్నాను. పాతిక కిలోల బియ్యం సంచి కోసి పరిచినా సరిపోతుంది. అడుగు వరసలో ఇనుప సామాను, గిన్నెలు తప్ప కాగితం ఏదీ పెట్టను. ఆల్బమ్‌లు, ఇంటి కాగితాలు, సర్టిఫికెట్లు లారీలో ఎక్కవు. మాతో చేతి సంచిలోనే వస్తాయి. లారీ రాగానే టార్పాలిన్ పూర్తిగా విప్పించి చూడండి. సర్దడం ఎంత బాగున్నా ఆ ఒక్క చిరుగుతో వృథా అవుతుంది.

మూత లేకపోవడం ఇంకో ఇబ్బంది. పాత దుప్పటి కప్పి, పక్క చిల్లుల్లోంచి పురికొస దూర్చి అడ్డంగా నిలువుగా కట్టేస్తాను. చెంచాలు, గరిటెలు చిల్లుల్లోంచి జారతాయి, వాటిని గుడ్డ సంచిలో వేసి మూతి కట్టాలి.

మూడోది, రోజూ బాధించేది: ఖాళీ క్రేట్లు ఒకదానిలో ఒకటి ఇమడవు. అట్టపెట్టె మడిచి మంచం కింద తోసెయ్యొచ్చు, క్రేటు ఖాళీగా ఉన్నా నిండుగా ఉన్నా ఒకే చోటు తింటుంది. విశాఖ అపార్ట్‌మెంట్‌లో బాల్కనీ సగం వీటితోనే నిండిపోయింది. రెండు క్రేట్లను మేడ మీద పూలకుండీల కింద పెడితే మూడేళ్ల ఎండకు పెళుసెక్కి, వేలితో నొక్కితే పెచ్చులూడాయి. నీడలో ఉన్నవాటికి ఏమీ కాలేదు. మొత్తానికి వాటిని ఇంట్లోనే పనికి పెట్టడం నేర్చుకున్నాం. పక్కకు పడుకోబెట్టి మూడు వరసలు పేరిస్తే చెప్పుల స్టాండు. ఉల్లిపాయలకు, బంగాళాదుంపలకు గాలాడే బుట్టలు. చోటు లేని చిన్న ఇల్లయితే, మళ్లీ ఐదేళ్ల దాకా మారే పని లేకపోతే, ముప్పై కొనమని నేను చెప్పను. వంటింటి వరకు ఓ పది చాలు. మిగతావాటికి ఐదు పొరల కొత్త అట్టపెట్టెలు తీసుకోండి. కొట్లో వాడేసిన పాతవి వద్దు, అట్ట మడతల్లో బొద్దింక గుడ్లు కొత్తింటికి వచ్చేస్తాయి. క్రేటును సర్ఫ్ నీళ్లతో రుద్ది ఎండబెడితే ఆ బెడద లేదు.

హైదరాబాద్ వచ్చేటప్పుడు మొదటిసారి ప్యాకర్స్ అండ్ మూవర్స్ వాళ్లను పెట్టుకున్నాం. టీవీ, ఫ్రిజ్, మంచాలు వాళ్లు బాగా కట్టారు. క్రేట్లు మేమే సర్దుతామంటే ఒప్పుకున్నారు గానీ, సొంతంగా సర్దుకున్నవాటికి దారిలో నష్టమైతే బీమా వర్తించదని రసీదులో రాసిచ్చారు. సంతకం పెట్టేముందు ఆ వాక్యం చదవండి. అందుకే ఖరీదైన గాజు సామాను వాళ్లతోనే కట్టించాం, మిగతావి క్రేట్లలో వేశాం. వాషింగ్ మెషీన్ ముందు తలుపుదైతే, కొన్న రోజు వెనక నుంచి విప్పి ఇచ్చిన బోల్టులు దాచి ఉంచండి, మళ్లీ బిగించకపోతే లోపలి డ్రమ్ము దారిపొడుగునా ఊగుతుంది. మా బోల్టులు ఒకటో నంబరు క్రేటులో చిన్న డబ్బాలో ఉంటాయి.

నంబర్లే ఈ మొత్తంలో నాకు బాగా నచ్చినవి. నంద్యాల వెళ్లే ముందు మా ఆయన ఎనామిల్ పెయింటుతో ప్రతి క్రేటుకూ నాలుగు పక్కలా 1 నుంచి 30 దాకా వేశారు. అట్టపెట్టె మీద మార్కరుతో రాసింది ఆ ఒక్కసారికే, పెట్టె పోతే రాతా పోతుంది. ఈ నంబర్లు పదమూడేళ్లుగా అవే. ఏ నంబరులో ఏముందో రెండొందల పేజీల నోటుపుస్తకంలో రాస్తాను. ప్రతిసారీ అదే నంబరులో అదే సామాను. ఏడు అంటే పోపుల డబ్బా, పప్పులు. పన్నెండు అంటే పూజ సామాను. ఇరవై రెండు మా ఆయన పనిముట్లు. విశాఖలో దిగిన రాత్రి పాప, "అమ్మా, నాకు పంతొమ్మిది కావాలి" అంది. అందులో దాని బొమ్మలు, డ్రాయింగ్ పుస్తకాలు ఉంటాయి. కొత్త ఊళ్లో, గోడలు కూడా తెలియని ఇంట్లో, పిల్ల తన వస్తువు ఎక్కడుందో ఎవర్నీ అడక్కుండా చెప్పగలిగింది. బదిలీల మధ్య పెరిగే పిల్లలకు అది చిన్న విషయం కాదు.

ఒకటో నంబరు పసుపు రంగు క్రేటు, మిగతావన్నీ నీలం. అది అందరికంటే చివర ఎక్కుతుంది, అందరికంటే ముందు దిగుతుంది. పాలు పొంగించే గిన్నె, పసుపు, కుంకుమ, ఉప్పు, అగ్గిపెట్టె, టీపొడి, పంచదార, చిన్న కుక్కరు, ఇండక్షన్ పొయ్యి, ఎక్స్‌టెన్షన్ బాక్సు, రెండు బల్బులు, కత్తెర, సుత్తి, అత్తయ్య మందులు, అందరి తువ్వాళ్లు. ఇండక్షన్ పొయ్యి ఎందుకంటే, ఊరు మారేటప్పుడు గ్యాస్ సిలిండర్‌నూ రెగ్యులేటర్‌నూ ఏజెన్సీకి అప్పజెప్పి టెర్మినేషన్ వోచరు తీసుకోవాలి. కొత్త ఊళ్లో దాన్ని చూపించి కనెక్షన్ తీసుకునేదాకా వంటకు వేరే దారి ఉండాలి. సిలిండర్‌ను సామానుతోపాటు లారీలో వెయ్యడం ప్రమాదం, ఎవరు సరేనన్నా వెయ్యకండి.

బట్టలకు క్రేట్లు వాడను, బియ్యం సంచులూ దుప్పటి మూటలే మేలు, లారీలో సందుల్లో కూరడానికి పనికొస్తాయి. మంచం విప్పిన బోల్టులను గుడ్డలో మూటగట్టి ఆ మంచం పట్టెకే కట్టెయ్యాలి, వేరే చోట పెడితే దొరకవు.

ముప్పైలో ఇప్పుడు ఇరవై ఏడు మిగిలాయి. పిడి విరిగింది ఒకటి, ఎండకు పోయినవి రెండు. మిగతావాటికి గీతలు పడ్డాయి, నీలం రంగు వెలిసింది. నంబర్ల మీద ఒకసారి మళ్లీ పెయింటు వేయాల్సి వచ్చింది. అంతకు మించి ఏమీ లేదు.

మొన్న పాప ఇంజనీరింగ్ చదువుకు వరంగల్ వెళ్లింది. సూట్‌కేసు కొనిస్తాం రమ్మంటే, బట్టలకు ఒక బ్యాగు చాలంది. పుస్తకాలకు, బకెట్ సామానుకు మాత్రం పంతొమ్మిదో నంబరు కడిగి ఆరబెట్టుకుంది. పైన అత్తయ్య పాత చీర కప్పి పురికొసతో తనే కట్టుకుంది. నోటుపుస్తకంలో 19 ఎదురుగా పాత రాత కొట్టేసి, "వరంగల్" అని రాశాను.