ఆఫీసు పోల్స్: ఏళ్ల తరబడి వాడాక నా మాట

విశాఖలో హెచ్ఆర్ పనిలో ఉన్నాను. మొదట పరవాడ వైపు ఒక ఫ్యాక్టరీలో చేశాను, ఇప్పుడు రుషికొండ దగ్గర ఒక ఐటీ కంపెనీలో చేస్తున్నాను. వాట్సాప్‌లో పోల్ పెట్టే సౌకర్యం 2022 చివర్లో వచ్చింది. అప్పట్నుంచి మా టీమ్ గ్రూపుల్లోనూ, ఊళ్లో హెచ్ఆర్, పేరోల్ పనులు చూసేవాళ్లం కలిసి పెట్టుకున్న గ్రూపులోనూ పోల్స్ పెడుతూనే ఉన్నాను. లంచ్ ఎన్నింటికి చేస్తారు, ఇంటి నుంచి పని వారంలో ఎన్ని రోజులు కావాలి, రాత్రిపూట ఆఫీసు మెసేజ్‌లు చూస్తారా, కొత్త లేబర్ కోడ్‌ల (కార్మిక చట్టాల) గురించి ఏం తెలుసు, ఇలాంటివన్నీ. మధ్యలో లింక్డ్‌ఇన్ పోల్స్, గూగుల్ ఫామ్స్ కూడా వాడాను. కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్లు ఇవి నమ్మొచ్చా అని అడుగుతుంటారు. వాళ్ల కోసమే ఇది.

నా లెక్కలో వీటికి అయిదుకి మూడున్నర. వాడమనే చెప్తాను. దేనికి పనికొస్తాయో, దేనికి రావో తెలిసి వాడాలి, అంతే.

ముందు వాట్సాప్ సంగతి. ప్రశ్న, కింద 12 దాకా ఆప్షన్లు. ఒక్కటే ఎంచుకోవాలా, ఎన్నయినా ఎంచుకోవచ్చా అన్నది పెట్టేవాళ్ల ఇష్టం. నేర్పాల్సిన పని లేదు, జీతం మెసేజ్ తప్ప ఇంకేదీ తెరవని మనిషి కూడా ఓటు వేస్తాడు. వేడుకలకీ, టీమ్ లంచ్‌కీ, షిఫ్ట్ బస్సు ఎక్కడ ఆగాలో తేల్చడానికీ దీన్ని మించింది లేదు. బస్సు మద్దిలపాలెంలో ఆగాలా, హనుమంతవాక దగ్గరా అన్న గొడవ మా దగ్గర నెలలుగా నడిచింది, ఒక్క పోల్‌తో మధ్యాహ్నానికల్లా తేలిపోయింది.

అయితే ఈ పోల్‌లో ఎవరు దేనికి ఓటేశారో గ్రూపులో అందరికీ కనిపిస్తుంది. పేరుతో పాటు ఏ టైమ్‌లో వేశారో కూడా ఉంటుంది. బస్సు స్టాప్‌కి అది సమస్య కాదు. పై అధికారి అదే గ్రూపులో ఉన్నప్పుడు పని వేళల గురించి అడిగితే మాత్రం అదే పెద్ద సమస్య. మా దగ్గర ఒక మేనేజర్ "శనివారం ఒక పూట రావడానికి ఎవరికైనా ఇబ్బందా?" అని పోల్ పెట్టి, "లేదు" మీద తానే మొదటి ఓటు వేశారు. ఆ తర్వాత వరసగా అన్నీ "లేదు"లే. తెల్లారి ఒక అమ్మాయి నా సీటు దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "అక్కా, శనివారం మా అత్తగారికి డయాలసిస్. గ్రూపులో ఎలా రాస్తాను?" అంది. అదే ప్రశ్న పేర్లు లేకుండా గూగుల్ ఫామ్‌లో అడిగితే "ఇబ్బందే" అన్నవాళ్లు చాలామంది తేలారు. మనుషులు మారలేదు, ప్రశ్నా మారలేదు. ఎవరు చూస్తున్నారన్నదే మారింది.

అందుకే నాకొక కట్టుబాటు ఉంది. జీతం, సెలవు, పని గంటలు, బాస్, ఆరోగ్యం, వీటిలో ఏ ఒక్కటి ప్రశ్నలోకి వచ్చినా, పై అధికారులున్న గ్రూపులో వాట్సాప్ పోల్ పెట్టను. టెలిగ్రామ్‌లో పేర్లు కనబడకుండా పోల్ పెట్టొచ్చు గానీ, మా ఊళ్లో ఆఫీసు పనికి దాన్ని వాడేవాళ్లు నాకు పెద్దగా తగల్లేదు. గూగుల్ ఫామ్ వాడేటప్పుడు సెట్టింగ్స్‌లో ఈమెయిల్ తీసుకునే ఆప్షన్ ఆపేయాలి. అంతటితో పేరు దాగిందనుకోవద్దు. నలుగురున్న అకౌంట్స్ టీమ్‌లో ఒకే ఒక ఆడమనిషి ఉంటే, "డిపార్ట్‌మెంట్?", "ఆడ/మగ?" అని అడిగిన క్షణంలోనే ఆవిడ పేరు అడిగినట్టే. ఆ రెండు ప్రశ్నల్లో ఒకటి తీసేయండి.

ఇక అలవాట్ల గురించి అడగడం. "రాత్రి 9 దాటాక ఆఫీసు మెసేజ్‌లు చూస్తారా?" అని ఒక సాయంత్రం పెట్టాను. ఎక్కువమంది "చూడను" అన్నారు. ఓట్ల టైమ్ చూస్తే ఆ "చూడను"లలో చాలా వరకు రాత్రి పదిన్నర తర్వాత పడ్డవి. వాళ్లెవరూ కావాలని అబద్ధం చెప్పలేదు. మామూలుగా ఎలా ఉంటారని అడిగితే, ఎలా ఉండాలనుకుంటున్నారో అది చెప్తారు. ఇప్పుడు ప్రశ్న మార్చేశాను: "నిన్న రాత్రి 9 తర్వాత ఆఫీసు మెసేజ్‌కి జవాబు ఇచ్చారా?" నిన్నటి సంగతి అందరికీ గుర్తుంటుంది, ఊహించుకోవాల్సిన పని లేదు. ఈ చిన్న మార్పుతో జవాబులు నిజానికి బాగా దగ్గరపడ్డాయి. ఎవరికైనా ఒక్క సలహానే ఇవ్వమంటే ఇదే ఇస్తాను: "సాధారణంగా" అన్న మాట తీసేసి "నిన్న" అని రాయండి.

లింక్డ్‌ఇన్ పోల్ సంగతి వేరు. ఆప్షన్లు నాలుగే, ఒక్కో ఆప్షన్‌కి 30 అక్షరాలే, గడువు రెండు వారాలకి మించదు. ఎవరు దేనికి ఓటేశారో మిగతావాళ్లకి కనబడదు గానీ, పోల్ పెట్టినవాళ్లకి కనబడుతుంది. ఉద్యోగం మారాలనుకుంటున్నారా అని ఏదో కంపెనీ రిక్రూటర్ పోల్ పెడితే ఓటేసే ముందు అది గుర్తుంచుకోండి. ఓటు వేయకుండా ఫలితం చూపించదు కాబట్టి, ఊరికే చూద్దామని ఏదో ఒకటి నొక్కేవాళ్లు చాలామంది. "ఫలితం చూడ్డానికి" అని నాలుగో ఆప్షన్ పెడితే కాస్త నయం. చట్టం గురించిన జవాబు మాత్రం 30 అక్షరాల్లో ఇమడదు.

దానికి మంచి ఉదాహరణ నాలుగు రోజుల వారం. "వారానికి 4 రోజుల పని కావాలా?" అని నెలకోసారైనా ఎవరో ఒకరు పెడతారు, "అవును" దూసుకెళ్తుంది. చట్టంలో వారానికి 48 గంటలన్న లెక్క అలాగే ఉంటే, నాలుగు రోజుల్లో అది పూర్తి కావాలంటే రోజుకు 12 గంటలు చేయాలి. మా గ్రూపులో "రోజుకు 12 గంటల చొప్పున 4 రోజులా, 8 చొప్పున 6 రోజులా?" అని అడిగితే ఓట్లు చీలిపోయాయి. స్కూలు పిల్లలున్న తల్లులు ఆరు రోజుల వైపు, విజయనగరం, శ్రీకాకుళం నుంచి రోజూ వచ్చిపోయేవాళ్లు నాలుగు రోజుల వైపు. ఆ చీలికలోంచి మాకు పనికొచ్చే మాట దొరికింది. మొదటి పోల్‌లో ఉన్నదల్లా చప్పట్లే.

పోల్స్ నిజంగా తమ విలువ చూపించింది చట్టాల దగ్గర. "మీకేం కావాలి" అని కాక "మీకేం తెలుసు" అని అడిగినప్పుడు. 2025 నవంబర్ 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకొచ్చాయి, 29 పాత చట్టాల స్థానంలో. ఆ వారమంతా ఫార్వర్డ్‌లే. "ఇక ఏడాది చేస్తే చాలు, అందరికీ గ్రాట్యుటీ (ఉద్యోగం వదిలేటప్పుడు కంపెనీ ఇచ్చే డబ్బు)" అన్నది అన్నిటికంటే ఎక్కువ తిరిగింది. అదే పోల్‌గా పెట్టాను: నిజమా, కాదా? రోజూ జీతాలు లెక్కకట్టే పేరోల్ వాళ్లలో కూడా చాలామంది "నిజం" అన్నారు. ఏడాది అన్నది నిర్ణీత కాలానికి ఒప్పందం మీద చేరినవాళ్లకి. పర్మనెంట్ ఉద్యోగికి ఎప్పటిలా అయిదేళ్లే. ఆ రోజు సాయంత్రం దాకా గ్రూపులో చర్చ నడిచింది. ఎవరో కోడ్ తెరిచి సెక్షన్ పెట్టారు, ఇంకొకరు తమ కంపెనీలో కాంట్రాక్ట్ కాగితాలు మళ్లీ చదివి ఫిక్స్‌డ్ టర్మ్ వాళ్లెంతమందో తేల్చుకున్నారు. ఒక శిక్షణా తరగతి పెట్టి ఉంటే అంత జరిగేది కాదు. తప్పు జవాబు తన పేరుతో ఉంటే మనిషి వెళ్లి సరి చూసుకుంటాడు. పేర్లు కనిపించడం మేలు చేసే చోటు నాకు ఇదొక్కటే కనిపించింది.

అలాగే అడిగిన మరికొన్ని: రాజీనామా చేసినా, తీసేసినా ఫైనల్ సెటిల్‌మెంట్‌లో జీతం బకాయి ఎన్నాళ్లలో ఇవ్వాలి? రెండు పని దినాల్లో. చాలామంది 45 రోజులన్నారు, వాళ్ల ఆఫీసులో అదే అలవాటు గనక. ఆంధ్రప్రదేశ్‌లో రోజు పని పరిమితి 10 గంటలు చేస్తూ 2025లో చట్టాలు సవరించారు కదా, వారానికి 48 మారిందా? మారలేదు. ఆఫీసు పని వేళలు దాటాక ఫోన్ ఎత్తకుండా ఉండే హక్కు చట్టమైందా? కాలేదు. 2025 డిసెంబర్‌లో ఎంపీ సుప్రియా సూలే లోక్‌సభలో పెట్టింది ప్రైవేటు మెంబర్ బిల్లు, అంటే మంత్రి కాని ఎంపీ సొంతంగా పెట్టేది, మాత్రమే. ఆ పోల్‌లో "అయింది" అన్నవాళ్లని చూసి నాకు బాధేసింది. లేని హక్కు ఉందనుకుని బాస్‌తో గొడవపడితే నష్టపోయేది వాళ్లే.

ఒక విషయంలో మాత్రం నేను గట్టిగా ఉంటాను. చట్టం ఇచ్చినదాన్ని ఓటుకి పెట్టకూడదు. "ఓటీ (ఓవర్‌టైమ్) డబ్బులు కావాలా, కాంప్ ఆఫ్ (బదులు సెలవు) కావాలా?" అని ఒక సూపర్‌వైజర్ పోల్ పెట్టమన్నారు. ఓవర్‌టైమ్‌కి మామూలు రేటుకి రెట్టింపు ఇవ్వాలని చట్టం చెప్తోంది. గ్రూపంతా కాంప్ ఆఫ్‌కి ఓటేసినా ఆ డబ్బు బాకీ పోదు. పెట్టనని చెప్పేశాను. పది మంది, అంతకు మించి ఉన్న చోట లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండి తీరాలని 2013 చట్టం చెప్తోంది. అయినా "మనకి కమిటీ అవసరమా?" అని పోల్ పెట్టిన చిన్న ఆఫీసు ఒకటి ఊళ్లోనే ఉంది. ఆ గ్రూపులో ఉన్న అమ్మాయికి నిజంగా ఫిర్యాదు ఉంటే, ఆ పోల్ కింద నవ్వు ఎమోజీలు చూసి ఇంకెప్పుడైనా నోరు విప్పుతుందా?

రాత్రి షిఫ్టుల సంగతీ అంతే. సాయంత్రం 7 తర్వాత, ఉదయం 6కి ముందు ఆడవాళ్లతో పని చేయించాలంటే వాళ్ల సమ్మతి ఉండాలి, భద్రత ఏర్పాట్లు ఉండాలి. పోల్‌లో వేసిన ఓటు సమ్మతి కాదు. ఒక్కొక్కరినీ విడిగా అడగాలి. నేను అడిగినప్పుడు గోపాలపట్నం నుంచి వచ్చే అమ్మాయి ఒక మాట అంది: "క్యాబ్ ఎన్ఏడీ జంక్షన్ దగ్గర దింపేస్తే నాది 'కాదు' మేడం. మా వీధి మొదట్లో దింపితే 'అవును'." ఆ రెండు వాక్యాలు ఏ ఆప్షన్‌లోనూ పట్టవు. మా రవాణా ఒప్పందం మారింది ఆ మాటతోనే.

ఇంకొక లోటు, నన్ను ఎక్కువ కలవరపెట్టేది, ఎవరు గ్రూపులో లేరన్నది. 1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక ఎవరికి ఓటేస్తారని అడుగుతూ కోటి మందికి కార్డులు పంపింది. దాదాపు 24 లక్షలు తిరిగొచ్చాయి. వాటిని నమ్మి ఆల్ఫ్ లాండన్ అనే అభ్యర్థి గెలుస్తాడని చెప్పింది, ప్రత్యర్థి రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. టెలిఫోను, కారు ఉన్నవాళ్ల జాబితాలు చూసి కార్డులు పంపడం, పంపినవాళ్లలో కొందరే తిరిగి రాయడం, రెండూ కలిసి దాన్ని ముంచాయి. మన పోల్స్‌లోనూ జరిగేది అదే. ఏసీ గదిలో ఫోన్ పక్కనే పెట్టుకున్నవాళ్లు ఓటేస్తారు. నేను పనిచేసిన ఫ్యాక్టరీలో లైన్ మీద ఉన్నవాళ్లు ఫోన్ గేటు దగ్గర ఇచ్చి లోపలికి వెళ్లాలి. సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్, క్యాంటీన్ వాళ్లు కాంట్రాక్టర్ మనుషులు, వాళ్లు ఏ గ్రూపులోనూ ఉండరు. కొత్త కోడ్‌లలో ఎక్కువ మార్పు వచ్చేది వాళ్ల బతుకుల్లోనే.

ప్రతి కార్మికుడికీ నియామక పత్రం ఇవ్వాలని కోడ్ చెప్తోంది. ఆ సంగతి మీద గ్రూపులో పోల్ పెట్టిన రోజు సాయంత్రం గేటు దగ్గర గార్డుని అడిగాను, లెటర్ ఉందా అని. "మాకు లెటర్ ఏటి మేడం, ఐడీ కార్డే కాంట్రాక్టర్ దగ్గరుంది" అన్నాడు. నా పోల్‌లో మాత్రం "అందరికీ ఉంది" అన్నదే గెలిచింది.

అప్పట్నుంచి ప్రతి పోల్‌తో పాటు ఒక పని చేస్తున్నాను. ప్రశ్న కాగితం మీద తెలుగులో రాసుకుని గేటు దగ్గరా, క్యాంటీన్ వెనకా, షిఫ్ట్ మారే వేళ నేనే వెళ్లి అడుగుతాను. సంతకం తీసుకోను, పేరు రాయను, గీతలు గీస్తాను. గ్రూపు ఫలితంలో అది కలపకుండా దాని పక్కనే విడిగా పెట్టి పై వాళ్లకి పంపుతాను. రెండూ కలవని చోట ముందు గేటు కాగితం గురించే మాట్లాడమంటాను. మా కాంట్రాక్టర్లతో కొత్త ఏడాది ఒప్పందంలో నియామక పత్రాల కాపీలు బిల్లుతో పాటు ఇవ్వాలన్న షరతు ఆ కాగితాల వల్లే వచ్చింది.